శిక్షణంటే బ్యానరూ భోజనమేనా?

సంపాదకులకు,

విద్యుత్ సిబ్బందికి ఒకరోజు శిక్షణ ఇచ్చారని మొన్నామధ్య జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. బ్యానరు కనిపించింది, వేదిక నిండా అధికారులు కనిపించారు, కరెంటు స్తంభం ఒక్కటే కనిపించలేదు. హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపిస్తే లైను పని వచ్చేస్తుందా?

ఈమధ్య గాలివానకి మా వీధిలో కరెంటు పోతే ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. ఐటీఐ చదివినవాళ్లే, బుద్ధిమంతులే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయడం, అది ఠప్పుమనడం, మళ్లీ వేయడం. సన్నతీగ ఆగట్లేదని చివరికి నాలుగు పోగులు కలిపి మెలిపెట్టబోయారు. పక్కింట్లోంచి రిటైరైన లైన్‌మన్ గారు లుంగీతోనే పరిగెత్తుకొచ్చి, "ఆపండ్రా బాబూ, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోద్ది" అని అరిచారు. తలెత్తి చూసుకుంటూ లైను వెంట నడిచారు. వీధి చివర కొబ్బరిమట్ట పడి రెండు ఫేజుల తీగలు కలిసిపోయాయి. లైన్ క్లియర్ తీసుకుని, అంటే ఆ లైనుకు కరెంటు ఆపించి, దాన్ని లాగించాక వేసిన ఫ్యూజు ఇప్పటికీ పోలేదు.

కుర్రాళ్లను తప్పుపట్టను. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు ఎనర్జీ అసిస్టెంట్లను (జూనియర్ లైన్‌మన్లను) తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కించారు, సైకిల్ తొక్కించారు, మీటర్ రీడింగ్ తీయించారు. బాగానే ఉంది. కానీ లోపం ఎక్కడుందో వెతకడం ఎవరు నేర్పారు? స్విచ్ తీసినా ఎవరింటి జనరేటర్ నుంచో కరెంటు వెనక్కి రావచ్చని, పనిచేసే చోటికి రెండువైపులా తీగలను ఎర్త్ చేయాలని (భూమికి కలపాలని) ఐటీఐ పరీక్షలో రాసే ఉంటారు. అది చేతికి అలవాటు కావాలంటే పక్కన పాతకాపు ఉండాలి కదా. పాతవాళ్లకేమో శాలువా కప్పి ఇంటికి పంపించేస్తున్నాం. ఏళ్ల తరబడి కాంట్రాక్టులో చేస్తున్నవాళ్లేమో సర్టిఫికెట్ లేదని హెల్పర్లుగానే మిగిలిపోతున్నారు.

ఒక్క కరెంటేనా? ఏ ఆఫీసు చూసినా ఇదే తంతు. పొలం వివరాలుండే అడంగల్ కాగితం కోసం మనం వెళ్తే, డిగ్రీల మీద డిగ్రీలున్న ఉద్యోగి కంప్యూటర్‌లో పేజీ వెతుక్కుంటూ కూర్చుంటాడు. అడిగితే "ట్రైనింగ్ అయిందండీ" అంటాడు. అయింది నిజమే, సంతకాలు పెట్టించుకుని భోజనాలు పెట్టి పంపారు.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండు తుపాన్లూ అక్టోబరులోనే వచ్చాయి. తిత్లీకి మా ఉద్దానంలో స్తంభాలు నేలకొరిగినప్పుడు ఒకరోజు శిక్షణతో లైన్లు లేవలేదు. ఈసారి తుపాన్ల కాలం రాకముందే రిటైరైన లైన్‌మన్లకు గౌరవవేతనం ఇచ్చి, ప్రతి విద్యుత్ సెక్షన్‌లో కొత్తవాళ్లతో కనీసం ఆరునెలలు తిప్పండి. డబ్బుల్లేవంటారేమో, బ్యానర్ల పద్దు ఒకసారి చూసుకోండి.

- ఒక విద్యుత్ వినియోగదారుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా