ఎగ్‌మోర్త్ వెళ్లే ముందు చదువు

చిట్టితల్లీ,

దక్షిణ ఫ్రాన్సులోని పాత కోట ఊరు ఎగ్‌మోర్త్‌కు నీమ్‌లో రైలు మారాలి. దిగగానే కనబడే ప్రాకారాన్ని చూసి సెయింట్ లూయీ కట్టించాడనుకుంటారు చాలామంది. సెయింట్ లూయీ అంటే ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ. 1248లో క్రూసేడ్ అనే మతయుద్ధానికి ఇక్కడే ఓడ ఎక్కాడు గానీ, అప్పటికి ఊరి చుట్టూ గోడ లేదు. అతను 1270లో ట్యూనిస్ దగ్గర పోయాక, 1272లో కొడుకు మూడో ఫిలిప్ మొదలుపెడితే మనవడి కాలానికి గాని పూర్తవలేదు. దాదాపు 1,640 మీటర్ల గోడ. రేవు పూడిపోయింది, 1481లో మార్సెయ్ రేవు ఫ్రాన్సు రాజు చేతికొచ్చాక వ్యాపారమూ అటే పోయింది. ఊరు పెరగలేదు కాబట్టే గోడ కూల్చే అవసరం ఎవరికీ రాలేదు.

గోడెక్కి దక్షిణం వైపు తప్పక నడువు. గులాబీ రంగు నీళ్లు కనిపిస్తాయి. అవి ఉప్పు మడులు. ఆ రంగు డునాలియెల్లా అనే నాచుది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మడి నుంచి మడికి పారిస్తూ ఎండబెడతారు. ముందు మడుల్లో సున్నం, జిప్సం అడుగున దిగిపోతాయి. లీటరుకు 260 గ్రాములు దాటాక ఉప్పు కడుతుంది. మరీ చిక్కబడనిస్తే మెగ్నీషియం లవణాలు చేరి చేదెక్కుతుంది, అందుకే ఆ నీటిని వదిలేస్తారు. కోతకు ముందు పెద్ద వాన పడితే కట్టిన ఉప్పు కరుగుతుంది. నీటి పైన తేలే పలుచని ఉప్పు పొరను ఫ్లర్ ద సెల్, అంటే ఉప్పు పువ్వు, అంటారు. గాలి గట్టిగా వీస్తే విరిగి మునిగిపోతుంది, కాబట్టి అనువైన రోజు చూసుకుని చేత్తో తీస్తారు.

ఈ ఉప్పు కోతలోనే 1893 ఆగస్టులో పని కోసం వచ్చిన ఇటలీ కూలీలను వెంటాడి చంపారు. అధికారిక లెక్క 8 మంది. నిజంగా పోయినవాళ్లు ఎక్కువేనని చాలామంది నమ్ముతారు. ఆంగూలేమ్ కోర్టు నిందితులందరినీ వదిలేసింది. మడుల అందం చూసేవాళ్లు ఈ సంగతి తెలుసుకునే చూడాలి.

కాన్‌స్టాన్స్ బురుజుకు ఎక్కువ సమయం ఉంచుకో. దాని గోడ మందం సుమారు 6 మీటర్లు. ప్రొటెస్టెంట్ మతం విడవని స్త్రీలను ఇందులో బంధించేవారు. వాళ్లలో మారీ దురాన్ అనే ఆమె 1730లో లోపలికి వెళ్లి 1768లో బయటికొచ్చింది. మతం వదిలేశానని ఒప్పుకుంటే ముందే విడిచిపెట్టేవారు. పై గదిలో నేల మధ్యనున్న రంధ్రపు రాతి అంచు మీద ‘ఎదిరించు’ అనే అర్థంలో ఒక మాట చెక్కి ఉంది. ఆమే చెక్కిందంటారు, సంతకం మాత్రం లేదు. వంగి, తీరిగ్గా చదువు.

నాన్న