గుంటగలగర పొడి: ఈ సార్వా సరుకు ఎందుకు ఆలస్యం, రిపోర్టులో ఏం చూడాలి

సార్వా (వానాకాలపు వరి పంట) గట్ల మీద కోసిన గుంటగలగర పొడి ఈసారి మూడు వారాలు ఆలస్యంగా మీకు అందుతుంది. వంద గ్రాముల ప్యాకెట్టు మీద 20 రూపాయలు కూడా పెరుగుతుంది. రెండింటికీ కారణం ల్యాబ్ పరీక్షలే. "వేరేవాళ్ల ప్యాకెట్టు మీద వెడెలోలాక్టోన్ ఇంత శాతం అని అచ్చేశారు, మీరెందుకు వేయరండీ?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఆలస్యానికి, ధరకు కూడా జవాబు చెప్పినట్టే.

వెడెలోలాక్టోన్ గుంటగలగర ఆకులో ఉండే పదార్థం. మందుమొక్కల ల్యాబులు దీన్నే గుర్తుగా పెట్టుకుని కొలుస్తాయి. అంతవరకు సరైనదే. కానీ 1956లో దీన్ని మొదట వేరుచేసింది పసుపు పూల గుంటగలగర నుంచి. అది వేరే మొక్క, మా పొడి తెల్ల పూల గుంటగలగరది. బజారులో తెల్ల పూల మొక్కకు బదులుగా కలిసిపోయేది కూడా ఎక్కువగా అదే. అంటే శాతం ఎంత బాగా వచ్చినా, ఆ పొడి ఏ మొక్కదో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. అందుకే ఆ అంకెను ప్యాకెట్టు ముందు భాగంలో పెద్ద అక్షరాలతో వేయడం మాకు ఇష్టం లేదు. అడిగినవాళ్లకు మొత్తం రిపోర్టు పంపుతాం.

మొక్కను గుర్తుపట్టాల్సింది అసలు పచ్చిగా ఉన్నప్పుడే. కట్టలు దించగానే ప్రతిదీ విప్పి చూస్తాం. పువ్వు చిన్నగా, తెల్లగా ఉండాలి. కాడ మీద నూగు వేలికి గరుకుగా తగలాలి. కాడ తుంచి రెండు వేళ్ల మధ్య నలిపితే పచ్చరసం కాసేపటికే నలుపు తిరిగి, వేలిముద్ర గీతల్లోకి దిగాలి. ఒక్క పసుపు పువ్వు కనబడినా ఆ కట్ట మొత్తం పక్కకు పోతుంది. తోటల్లో నేల కప్పడానికి పెంచే పసుపు పూల తీగ బోదెల వెంట పాకి ఇందులో కలిసే ప్రమాదం కూడా ఉంది. ఎండి పొడి అయ్యాక పువ్వు రంగు చెప్పగలిగేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే ప్రతి లాటు నుంచి వేరు, పువ్వుతో సహా రెండు మొక్కలు కాగితం మీద అంటించి, లాటు నంబరు రాసి దాస్తాం.

ఆ తర్వాతే ల్యాబ్ పని. మొదటిది, పొడిలోని పదార్థాలను ఒక ప్లేటు మీద విడదీసి చూసే పరీక్ష. ఒక గ్రాము పొడిని 10 మిల్లీలీటర్ల మిథనాల్‌లో వేసి, సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కుదిపే పరికరం) 15 నిమిషాలు ఉంచి వడకడతారు. వడకట్టిన ఆ ద్రవాన్ని సిలికా జెల్ పూసిన ప్లేటు మీద, కింది అంచుకు 8 మిల్లీమీటర్లు పైన, 8 మిల్లీమీటర్ల పొడవున గీతగా పెడతారు. పక్క గీత శుద్ధ వెడెలోలాక్టోన్. దాని పక్కన తెల్ల పూల మొక్క పొడి, ఆ పక్కన పసుపు పూల మొక్క పొడి, రెండూ మేమే పంపిన నమూనాలు. చివరి రెండు గీతలు లేని ప్లేటు ఫొటో మాకు పంపొద్దని ల్యాబుకు ముందే చెప్పేశాం. పోల్చడానికి ఏమీ లేకపోతే ఆ ఫొటోతో మొక్క పేరు తేల్చలేం.

ప్లేటును టోలుయిన్, అసిటోన్, ఫార్మిక్ ఆమ్లం 11:6:1 పాళ్లలో కలిపిన ద్రావణంలో నిలబెడతారు. ద్రావణం పైకి ఎక్కేకొద్దీ ఒక్కో పదార్థం ఒక్కో ఎత్తులో పట్టీలా ఆగుతుంది. ఆమ్లం లేకపోతే ఇలాంటి ఫినాల్ పదార్థాలు ఒకచోట నిలవకుండా తోకలా సాగిపోతాయి. ద్రావణం ఎప్పటికప్పుడు కొత్తగా కలపాలి. నిన్నటి సీసాలో అసిటోన్ కొంత ఎగిరిపోయి పాళ్లు మారిపోయి ఉంటాయి. గాజు తొట్టెలో వడపోత కాగితం పెట్టి 20 నిమిషాలు ఆవిరి పట్టనివ్వాలి. ద్రావణం కింది అంచు నుంచి 70 మిల్లీమీటర్ల ఎత్తుకు ఎక్కగానే ప్లేటు తీసి ఆరబెట్టి, 366 నానోమీటర్ల అతినీల కాంతిలో చూస్తారు. వెడెలోలాక్టోన్ నీలంగా మెరుస్తుంది. ఆకుపచ్చ పదార్థం ఎర్రగా కనిపిస్తుంది. పొడి మరీ ఎక్కువ ఎక్కించారంటే ఆ ఎరుపు కిందికీ పైకీ పూసుకుపోయి పక్క పట్టీలను మింగేస్తుంది.

మన కోనసీమలో దీనికి ఇంకో తలనొప్పి ఉంది. సిలికా గాల్లోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలం గాలిలో అరగంట బయట ఉన్న ప్లేటు మీద, అదే పదార్థం వేరే ఎత్తులో ఆగుతుంది. ఆ ఎత్తును పుస్తకంలోని అంకెతో పోల్చి "ఇది అది కాదు" అనేస్తే పొరపాటే. దీనికి మందు తెలిసిందే: ద్రావణంలో పెట్టేముందు ప్లేటును మెగ్నీషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం పైనున్న గాలిలో 10 నిమిషాలు ఉంచడం. అక్కడ తేమ 33 శాతం దగ్గర నిలబడుతుంది. ఈ మెట్టు దాటవేసే ల్యాబులు చాలానే ఉన్నాయి. రిపోర్టులో ఈ విషయం రాశారో లేదో మీరూ చూడండి.

ఇక శాతం సంగతి. దాన్ని హెచ్‌పీఎల్‌సీ యంత్రంతో, 351 నానోమీటర్ల కాంతి దగ్గర కొలుస్తారు. ఆ యంత్రం పదార్థాలను ఒకదాని తర్వాత ఒకటి విడదీసి, ఒక్కోదానికి గ్రాఫులో ఒక్కో శిఖరం గీస్తుంది. అక్కడ మీరు అడగాల్సినవి రెండు. మొదటిది, శిఖరం శుద్ధ పదార్థపు శిఖరం వచ్చిన నిమిషానికే వచ్చిందన్నది ఒక్కటే చాలదు, రెండింటి కాంతి శోషణ వక్రరేఖలు కూడా కలవాలి. ఇదే జాతికి చెందిన పదార్థాలు ఆకులో ఇంకా ఉన్నాయి, అవి ఆ నిమిషానికి దగ్గరలోనే రావచ్చు. రెండోది, అంకె తేమతో కలిపి చెప్పారా, తేమ తీసేసి చెప్పారా. 12 శాతం తేమ ఉన్న పొడిలో 0.22 శాతం వస్తే, తేమ తీసి లెక్కేస్తే అది 0.25. పొడి ఒక్కటే, కాగితం మీద అంకెలు రెండు. ఆకుతో పాటు కాడ ఎక్కువ కలిసినా అంకె పడిపోతుంది. పైగా ఎక్కడినుంచో కొన్న సారాన్ని కలిపి ఆ అంకెను పెంచడం ఏమంత కష్టం కాదు. ప్లేటు మీద మిగతా పట్టీలన్నీ ఉండాల్సిన పాళ్లలో ఉన్నాయా అన్నది అందుకే మాకు శాతం కంటే ముఖ్యం.

ఆలస్యానికి అసలు కారణం పురుగుమందులు, కలుపుమందుల పరీక్ష. గుంటగలగర వరి చేలో కలుపు మొక్క. రైతు దాన్ని చంపడానికే మందు కొడతాడు. పై పరీక్షలేవీ ఆ మందును పట్టుకోలేవు. మామూలుగా చేసే అనేక మందుల పరీక్షలో, నమూనాను శుభ్రపరిచే పొడి 2,4-డీ లాంటి ఆమ్ల జాతి కలుపుమందులను తనలోనే పట్టేసుకుంటుంది. రిపోర్టులో "కనబడలేదు" అని వచ్చినా అర్థం లేదు. అలాంటివాటికి ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం (పదార్థాలను విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తుపట్టేది) మీద విడిగా పరీక్ష చేయించాలి. దానికే రోజులు, డబ్బు రెండూ పోతున్నాయి. ఇకమీదట మందు కొట్టని గట్లే తీసుకుంటాం. సార్వాకు, దాళ్వాకు (రెండో పంట) విడివిడి లాట్లు, విడివిడి రిపోర్టులు ఉంటాయి. ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందంటే అక్కడి ప్రతి పరీక్షకూ ఉన్నట్టు కాదు. ఏ పరీక్షకు ఉందో వాళ్ల గుర్తింపు పత్రం అనుబంధంలో ఉంటుంది.

బూడిద పరీక్ష గురించి ఒక్క మాట. ఈ మొక్క నేలకు ఆనుకుని పెరుగుతుంది, గట్టు మట్టి ఆకుకు అంటుకుని ఉంటుంది. పొడిని కాల్చిన బూడిదలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి కరగనిది చాలావరకు ఇసుకే. అది ఎక్కువ వచ్చిందంటే ఆకు సరిగ్గా కడగలేదన్నమాట.

తలనూనె కొంటున్నవాళ్లకు ఒక విషయం నేరుగా చెప్పాలి. వెడెలోలాక్టోన్ మిథనాల్‌లో బాగా కరుగుతుంది, నూనెలో అలా కరగదు. పొడికి వచ్చిన శాతాన్ని నూనెకు అన్వయించి చెప్పేది ఎవరైనా సరే, నమ్మకండి. మా నూనె సీసా మీద ఆ అంకె ఉండదు. జుట్టు మొలుస్తుందని కూడా రాయం.

ప్లేటు ఫొటో, హెచ్‌పీఎల్‌సీ గ్రాఫు, కలుపుమందుల రిపోర్టు కావాలంటే ప్యాకెట్టు వెనక ఉన్న లాటు నంబరు వాట్సాప్‌లో పెట్టండి. పాత ధరకు ముందే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరే. ఆగలేమనుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. ఇంట్లో ఉన్న పొడిని గాజు సీసాలో, వెలుతురు తగలకుండా పెట్టుకోండి. తడి చెంచా ముంచకండి. గడ్డలు కట్టినా, ముక్కిపోయిన వాసన వచ్చినా వాడొద్దు.