మెసేజీలోంచి నంబర్లు ఏరడం గురించి, కాశీబుగ్గ నుంచి

ఒరే మావా,

ఎలగున్నావు? సిరిమాను పండక్కి ఈసారి తప్పకుండా విజయనగరం వస్తాను, అమ్మని అడిగానని చెప్పు. మొన్న ఫోన్లో అడిగావు కదా, టెక్స్ట్‌లోంచి నంబర్లు లాగడానికి బ్యాక్‌స్లాష్ డి ప్లస్, అంటే వరసగా ఉన్న అంకెల్ని పట్టే ప్యాటర్ను, పెడితే అయిపోద్ది కదా, ఇంకేటి ఆలోచనా అని. ఫోన్లో చెప్తే సగం ఎగిరిపోద్ది, అందుకే రాస్తన్నాను.

మాకు జీడిపప్పు ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి, ఒక్కొక్కరిది ఒక్కో రాత. "డబ్ల్యూ320 12 టిన్లు 7,850 చొప్పున" అని వచ్చిందనుకో. దాని మీద పైథాన్‌లో ఆ ప్యాటర్నుతో ఫైండాల్, అంటే దొరికినవన్నీ ఏరిచ్చే ఫంక్షన్, వేస్తే 320, 12, 7, 850 అని నాలుగొస్తాయి. ఆ 320 సరుకు లెక్క కానేకాదు, గ్రేడు, అంటే పౌనుకి 300 నుంచి 320 పప్పులు తూగుతాయని. ఇక రేటైతే కామా దగ్గర రెండు ముక్కలైపోయింది.

కామాకి నెట్‌లో దొరికే ప్యాటర్నులు చాలావరకు మూడేసి అంకెల లెక్కలో ఉంటాయి, అవి మనకి పనికిరావు మావా, 1,25,000 ఇస్తే 1 ఒకటీ 25,000 ఒకటీ వేరువేరుగా చేతిలో పెడతాయి, లక్ష కాస్తా ఒకటైపోద్ది. అంకెలు, తర్వాత కామాతో మళ్ళీ అంకెలు ఎన్నిసార్లయినా, ఆపైన ఉంటే చుక్కా అంకెలూ, ఇలాగ రాసుకో. కామా ముక్కకీ, చుక్క ముక్కకీ పెట్టే బ్రాకెట్లు రెండిటిలోనూ మొదటే ప్రశ్నార్థకం, కోలన్ పెట్టు, లేకపోతే ఫైండాల్ మొత్తం నంబరు వదిలేసి బ్రాకెట్లోదే ఇస్తాది. వచ్చింది ఇంకా స్ట్రింగే, అంటే ఉత్త అక్షరాల వరసే, కామాలు తీసేసి ఇంట్ చెయ్యి, అంటే పూర్ణాంకంగా మార్చు, పైసలుంటే ఫ్లోట్, అంటే దశాంశంగా, లేదంటే 12కి 10 కలిపితే 1210 అవుద్ది.

కానీ నేను గట్టిగా చెప్పేదేటంటే, అంకెల్ని చూడకు, పక్కనున్న మాటని చూడు. "టిన్" ముందున్నది సరుకు, "చొప్పున" ముందున్నది రేటు, "డబ్ల్యూ"కి అతుక్కున్నది గ్రేడు. ఒక్కోదానికి ఒక్కో ప్యాటర్ను రాసి, నంబరుని మాత్రమే ప్రశ్నార్థకం, కోలన్ లేని మామూలు బ్రాకెట్లో పెడితే అదే బయటికొస్తాది. టిన్లు, టిన్నులు, టిన్స్ ఎవరెలా రాసినా "టిన్" వరకు పట్టుకుంటే చాలు.

పెద్దాళ్ళు కొందరు ౧౨ అని తెలుగంకెలు కొడతారు, పైథాన్ 3 వాటినీ పడతాది, ఇంట్ చేస్తే చక్కగా 12 వస్తాది, జావాస్క్రిప్ట్‌లో ఆ బ్యాక్‌స్లాష్ డి పట్టదు. "రెండున్నర", "అరడజను" ఎందులోనూ దొరకవు, వాటికి చిన్న పట్టిక పెట్టుకోవాల్సిందే.

మీ రైస్ మిల్లుకైతే ఇంకో చిక్కుంది, మీవాళ్ళు "25 కేజీల బస్తాలు 40" అని రాస్తారు, అక్కడ బస్తాల లెక్క మాట తర్వాతొస్తాది. ఓ పాతిక మెసేజీలు పంపు, ఫోన్ నంబర్లు చెరిపేసి పంపు, ఎటువైపు ఎక్కువ రాస్తున్నారో చూసి ప్యాటర్ను ఇద్దరం కూర్చుని రాద్దాం.

ఉంటాను మావా.