అఫ్ఘాన్ బాలికల బడి పునర్నిర్మాణానికి చేయూతనిచ్చిన మిత్రులకు కృతజ్ఞతలు

దాతలందరికీ నమస్కారం. అఫ్ఘానిస్తాన్‌లోని ఘోర్ ప్రాంతంలో ఒక కొండ ఊరి ఆడపిల్లల ప్రాథమిక పాఠశాల, యుద్ధకాలంలో పైకప్పు కూలిపోయి మొండిగోడలతో మిగిలిన సంగతి మీకు తెలుసు. దాని పునర్నిర్మాణం పూర్తయింది. మార్చి నెలాఖరులో అక్కడ విద్యాసంవత్సరం మొదలైనప్పటి నుంచి ఆరో తరగతి వరకు పాఠాలన్నీ కొత్త గదుల్లోనే జరుగుతున్నాయని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. ఊరి పేరు గానీ, పంతులమ్మల పేర్లు గానీ, పిల్లల ఫోటోలు గానీ ఇక్కడ ఇవ్వడం లేదు. వారి క్షేమం దృష్ట్యా మీరు అర్థం చేసుకుంటారని నమ్ముతున్నాను.

చందాలిచ్చిన డాలస్ పరిసరాల తెలుగు కుటుంబాలకు, తాము ఇచ్చినదానికి సమానంగా తమ కంపెనీల చేత కూడా ఇప్పించిన సాఫ్ట్‌వేర్ మిత్రులకు ముందుగా ధన్యవాదాలు. అక్కడి అధికార భాషల్లో ఒకటైన దరీలో వచ్చిన ఉత్తరాలను, సిమెంటు, ఇటుకల బిల్లులను ఓపికగా అనువదించి పంపిన వారు హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న అఫ్ఘాన్ విద్యార్థులు. తమ ఇళ్ల నుంచి ఏ కబురు వస్తుందోనన్న దిగులు మధ్యనే వారు ఈ పని చేశారు.

ఈ పని తలపెట్టినప్పుడు మీలో కొందరు అడిగిన ప్రశ్న న్యాయమైనది. 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తున్నామని చెప్పి, సంబరంగా వచ్చిన ఆడపిల్లలను కొన్ని గంటల్లోనే ఇళ్లకు తిప్పి పంపిన తాలిబాన్ ప్రభుత్వం ఉన్నచోట మన డబ్బుతో గోడలు కట్టి ప్రయోజనమేమిటని అడిగారు. 2001లో ఆ దేశపు ప్రాథమిక పాఠశాలల్లో బాలికలు దాదాపు లేరు. 2018 నాటికి వారి సంఖ్య 25 లక్షలకు చేరింది. ఆరో తరగతి దాటాక ఆడపిల్లలు చదవరాదన్న నిషేధం వల్ల 2025 నాటికి చదువుకు దూరమైన వారు దాదాపు 22 లక్షల మంది. ఆ నిషేధాన్ని తొలగించే శక్తి మన చందాలకు లేదు, ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. అయితే ఏడేళ్ల పిల్లకు అక్షరాలు నేర్చుకునే వయసు ఇదే. రాజకీయాలు చక్కబడేదాకా ఆ వయసు ఆగదు. ఆమెకు ఇవాళ అనుమతి ఉన్న చదువైనా అందాలన్నదే మన ఉద్దేశం. అది తెలిసే మీరు ఇచ్చారు.

దూరంగా ఉన్న పెద్ద బడిని బాగుచేయకుండా ఊళ్లోనే చిన్న బడిని ఎందుకు ఎంచుకున్నామో కూడా చెప్పాలి. 2007లో ఇదే ఘోర్‌లో జరిగిన ఒక పరిశీలనలో, ఊళ్లోనే బడి పెట్టిన గ్రామాల్లో బాలికల నమోదు 52 శాతం పాయింట్లు పెరిగినట్లు తేలింది. బడి దూరమయ్యేకొద్దీ మగపిల్లల కన్నా ఆడపిల్లలే ఎక్కువగా మానేస్తారని కూడా అందులో కనిపించింది. దూరం ఒక్కటే కాదు, ప్రహరీ లేని బడికి, మరుగుదొడ్డి లేని బడికి, మగ ఉపాధ్యాయులే ఉన్న బడికి కూతుళ్లను పంపడానికి అక్కడి తండ్రులు వెనకాడతారు. అందుకే గదుల కంటే ముందు చుట్టూ గోడ, ఆ తర్వాత మరుగుదొడ్లు, నీళ్ల పంపు, చివరికి గదులు అన్న వరుసలో పని సాగింది.

నిజానికి ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ఆ గోడే. మన ఊళ్లలో గుడికో బడికో ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద దాత పేరు రాయించుకునే అలవాటు మనకుంది, అందులో తప్పేమీ లేదు. తల్లిదండ్రుల జ్ఞాపకార్థం ఒక్కో గది కట్టిస్తామని ముందుకొచ్చిన వారికి, విదేశీయుల పేర్లు గోడ మీద ఉంటే బడికే ముప్పని అక్కడి పెద్దలు చెప్పిన మాటను నేను జంకుతూనే చేరవేశాను. ఒక్కరు కూడా ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేదు. పైగా ఒక పెద్దావిడ, తన భర్త పేరిట ఇచ్చిన సొమ్మును మరుగుదొడ్లకే వాడమని కోరారు. ఇంత పెద్ద మనసుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియదు.

డబ్బు చేరవేయడం కూడా తేలిక కాలేదు. తాలిబాన్‌పై ఉన్న ఆంక్షల నుంచి సహాయ కార్యక్రమాలను మినహాయిస్తూ 2021 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానం చేసింది, అమెరికా ప్రభుత్వం లైసెన్సులు ఇచ్చింది. అయినా బ్యాంకులు ప్రతి బదిలీకీ కొత్త కాగితాలు అడిగాయి. ఆ ఆలస్యాన్ని మీరు ఓర్చుకున్నారు. 2022 డిసెంబరులో స్వచ్ఛంద సంస్థల్లో స్త్రీలు పనిచేయరాదన్న ఉత్తర్వు వచ్చాక, మన తరఫున అక్కడ పని చూస్తున్న సంస్థ తన మహిళా ఉద్యోగులను ఊరికి పంపలేకపోయింది. అప్పుడు కొలతలు, లెక్కలు సరిచూసే బాధ్యతను ఆ ఊరి పంతులమ్మలే తీసుకున్నారు.

స్థలమిచ్చింది ఊరివారే. పునాదికి రాళ్లు మోసింది, పైకప్పుకు పాప్లర్ చెట్ల దూలాలు ఎత్తింది, కూలి తీసుకోకుండా వంతులవారీగా వచ్చి పనిచేసింది కూడా వారే. మన కృతజ్ఞతలను ఉత్తరంగా రాసి గ్రామ పెద్దల సభకు పంపాను.

ఖర్చుల పూర్తి లెక్క దాతలందరికీ మెయిల్‌లో వస్తుంది. మిగిలిన సొమ్మును వచ్చే ఏడాది పంతులమ్మల జీతాలకూ, చలికాలం సెలవుల లోపు పొయ్యిలకు కావలసిన బొగ్గుకూ కేటాయించాలని అనుకుంటున్నాము. దీనికి ఎవరికైనా అభ్యంతరముంటే ఈ నెలాఖరులోగా తెలియజేయగలరు. ప్రస్తుతానికి కొత్త చందాలు తీసుకోవడం లేదు.