రేసు వాచీ కొనే ముందు

అమ్మడూ,

కొందామని నువ్వు పంపిన మూడు కారు రేసు వాచీల ఫొటోలూ చూశాను. ఇంజను బ్లాకు లాంటిది ఒకటి, పట్టీలో రేసు టైరు రబ్బరు పొదిగినది ఒకటి, క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్నది ఒకటి. నీ మనసు మొదటిదాని మీదే ఉందని తెలుస్తూనే ఉంది. తొలి వాచీగా మాత్రం మూడోదే తీసుకో. తయారీ ఎంత వింతగా ఉంటే దాన్ని విప్పి మళ్ళీ బిగించగల చేతులు అంత తక్కువ. ఆ చేతులు ఎక్కడున్నాయో తేలాకే మిగతా బేరం.

ఉదాహరణకు హ్యూబ్లో 2013లో తెచ్చిన ఎంపీ-05 లాఫెరారీని చూడు. 637 భాగాలు, వెన్నుపూసల్లా వరసగా పేర్చిన 11 బ్యారెళ్ళు, అంటే కీ స్ప్రింగు ఉండే డబ్బాలు. ఒకసారి నిండా కీ ఇస్తే 50 రోజులు నడుస్తుంది. అన్ని స్ప్రింగులకు చేత్తో కీ ఇస్తూ కూర్చోవడం అయ్యే పని కాదు కనక చిన్న డ్రిల్లు లాంటి పనిముట్టు ఇస్తారు. అది పెట్టెలో లేకుండా వాచీ ఒక్కటే అమ్మకానికి వచ్చిందంటే సగమే వచ్చినట్టు. రిచర్డ్ మిల్లే 2022లో ఫెరారీతో కలిసి చేసిన ఆర్ఎం యూపీ-01 మందం 1.75 మిల్లీమీటర్లు. దానికి పక్కన క్రౌన్, అంటే కీ తిప్పే బొడిపె ఉండదు, ముందువైపు ఉన్న రెండింటిని పనిముట్టుతో తిప్పాలి. ట్యాగ్ హ్యూయర్ మొనాకో వీ4లో కొన్ని పళ్ళ చక్రాల బదులు సన్నని బెల్టులుంటాయి. 2004లో నమూనా చూపించినవాళ్ళు అమ్మకానికి తెచ్చేసరికి 2009 వచ్చింది. చేసినవాళ్ళనే అన్నేళ్ళు తిప్పలు పెట్టిన మెషీను మామూలు వాచీ మెకానిక్ బల్ల మీద కుదురుతుందనుకోకు.

ఇక నీ మూడో ఫొటో. క్రోనోగ్రాఫ్ చేతికి రాగానే, ఆటోమేటిక్ అయినా సరే, క్రౌన్‌ను ముప్పై నలభై చుట్లు తిప్పి కీ ఇవ్వు. పై మీటతో మొదలుపెట్టు, ఆపు, కింది మీటతో సున్నాకు తీసుకురా. ఇలా పదిసార్లు. సెకన్ల ముల్లు ప్రతిసారీ సరిగ్గా 12 మీదే ఆగాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందంటే ముల్లు ఇరుసు మీద వదులైంది, లేదా దాన్ని సున్నాకు తోసే లోపలి సుత్తి సరిగ్గా తగలడం లేదు. బయల్దేరేటప్పుడు ముల్లు కాస్త ఎగిరిపడితే కంగారుపడకు. క్రోనోగ్రాఫ్‌ను మెషీనుకు కలిపేది క్లచ్చు. పళ్ళు పక్కనుంచి కలిసే అడ్డ క్లచ్చులో అది సహజం, నిలువు క్లచ్చులో మాత్రం ఉండకూడదు. నడుస్తుండగానే సున్నాకు తెచ్చుకోగల ఫ్లైబ్యాక్ రకం కాకపోతే, ఆపకుండా సున్నా మీట నొక్కకు.

అంచు మీది టాకీమీటర్ అంకెలకు అర్థం చిన్నదే: 3600ని సెకన్లతో భాగిస్తే వేగం. కిలోమీటరు 30 సెకన్లలో దాటితే గంటకు 120. ఒమేగా 1957లో స్పీడ్‌మాస్టర్‌తో ఆ అంకెల్ని డయలు మీంచి బయటి అంచుకు తెచ్చింది. వాటితో వేగం లెక్కేసేవాళ్ళు ఇప్పుడు ఎవరున్నారు! అయినా అవి లేకపోతే రేసు వాచీ ముఖం బోసిగానే ఉంటుంది.

తరవాత టైమ్‌గ్రాఫర్ మీద, అంటే టిక్ టిక్ చప్పుడు విని వాచీ నడక కొలిచే యంత్రం మీద పెట్టి చూపించమను. రోజుకు ఎన్ని సెకన్ల తేడా అన్నది సర్దగలిగే అంకె, దాన్ని చూసి మురిసిపోకు. అసలు చూడాల్సింది యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఎంత మేర ఊగుతోందన్నది. నిండా కీ ఉండి డయలు పైకి పెడితే సాధారణంగా 270 నుంచి 310 డిగ్రీలు రావాలి. నిలబెడితే 20, 40 డిగ్రీలు తగ్గడం మామూలే. ఒక రోజు నడిచాక నిలువు స్థితిలో 200 కిందికి జారితే నూనెలు ఎండిపోయాయో, మురికి చేరిందో, కీ నిలిచే మెయిన్‌స్ప్రింగ్ అలిసిందో అయి ఉంటుంది. ఇందులో ఒక మాయ ఉంది. టైమ్‌గ్రాఫర్‌లో లిఫ్ట్ యాంగిల్ అని, మెషీనును బట్టి మార్చాల్సిన ఒక కోణం ఉంటుంది, అది మామూలుగా 52 డిగ్రీలు పెట్టి ఉంటుంది. చాలా క్రోనోగ్రాఫుల్లో కనిపించే 7750 అనే రకం మెషీనుకు 49 పెట్టాలి. మార్చకుండా కొలిస్తే 264 ఉన్నది 280గా కనిపిస్తుంది. అమ్మేవాడికి తెలియకపోవచ్చు, తెలిసీ వదిలేయవచ్చు, నువ్వే అడుగు. క్రోనోగ్రాఫ్ నడుపుతూ మరోసారి కొలిపించు. అడ్డ క్లచ్చులో 20, 30 డిగ్రీలు పడితే సరే, 50 దాటిందంటే లోపల రాపిడి ఎక్కువుంది.

టూర్‌బియాన్ అయితే బ్యాలెన్స్ చక్రం ఉన్న పంజరమే తిరుగుతూ ఉంటుంది, అంకెలు ఊగుతాయి. చాలావాటికి ఒక చుట్టు ఒక నిమిషం కనక కనీసం అంతసేపు కొలవాలి. రోజర్ డ్యూబుయి 2017లో తెచ్చిన ఎక్స్‌కాలిబర్ అవెంటడార్ ఎస్ లాంటి రెండు బ్యాలెన్స్ చక్రాల వాచీలో రెండు చప్పుళ్ళూ కలిసిపోయి యంత్రం తికమక పడుతుంది. అలాంటిదాన్ని నాలుగైదు రోజులు ఫోను గడియారంతో పోల్చి రాసుకోవడమే మార్గం.

ఒకవేళ వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల తేడాతో ముందుకు పరిగెత్తితే వెంటనే సర్వీసుకు ఇవ్వకు. స్పీకరు దగ్గరో, ట్యాబ్లెట్ కవరు మీదో పెట్టి ఉంటావు. అయస్కాంతం పట్టి, బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. డీమ్యాగ్నెటైజర్‌తో క్షణాల్లో పోతుంది.

కేసు సంగతికొస్తే, పదింతలు పెద్దదిగా చూపే లూప్‌తో మొదట స్క్రూల తలలు చూడు. గాడి చెదిరి ఉంటే తగని పనిముట్టుతో ఎవరో విప్పారన్నమాట. టైటానియం స్క్రూ టైటానియంలోనే బిగిస్తే పట్టేసుకోవడం కూడా ఉంది, విప్పబోతే తెగుతుంది. కార్బన్ కేసుకు, నల్ల పూత వేసిన కేసుకు పాలిష్ కుదరదు. గీత పడితే ఉంచుకోవాలి, లేదా కేసే మార్చాలి. సెరామిక్ మీద గీతలు పడవు గానీ గట్టి నేల మీద పడితే పగులుతుంది. ఉక్కు దానికి పాలిషే శత్రువు. 1969 మొనాకో చదరపు అంచులు గుండ్రబడి ఉంటే ఎన్నిసార్లు అరగదీశారో ఊహించుకో. అన్నట్టు, ఆ ఏడాది వచ్చిన ఆటోమేటిక్ మొనాకోకు క్రౌన్ ఎడమవైపు, మీటలు కుడివైపు ఉంటాయి. క్రౌన్ కుడివైపు కనబడగానే నకిలీ అనేయకు, తరవాత చేత్తో కీ ఇచ్చే రకాలు అలా వచ్చాయి.

టైరు పట్టీ విషయం. టైర్ల కంపెనీ పిరెల్లి పేరుతో రోజర్ డ్యూబుయి తెచ్చిన వరసలో పట్టీకి పొదిగేది నిజంగా గ్రాండ్ ప్రీ గెలిచిన టైర్ల రబ్బరే. చెమటకు, ఎండకు ఏ రబ్బరైనా పాతబడుతుంది. రోజువారీకి వేరే పట్టీ వేసుకుని దాన్ని పెట్టెలో దాచాలి. అలా దాచేట్టయితే కొనడం దేనికంటావా, ఆ ప్రశ్న నీదే.

డబ్బు కట్టే ముందు ఆ మూడు వాచీల నంబర్లూ తయారీదారులకు రాసి పంపు. ఆ మెషీను ఇంకా సర్వీసు చేస్తున్నారా, ఎన్ని నెలలు పడుతుంది, పట్టీ, గాస్కెట్లు విడిగా ఇస్తారా, ఆ నంబరు మీద దొంగతనం ఫిర్యాదు ఏమైనా ఉందా అని అడుగు. జవాబు కాగితం మీద రాని వాచీని ఫొటోలోనే చూసుకుందాం.

మీ నాన్న