క్లాసు వేళ పెద్ద డౌన్‌లోడ్లు ఆపండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నవంబరు వానలు మన తిరుపతికి కొత్త కాదు. 2021 నవంబరులో వచ్చిన వరద ఎవరూ మరిచిపోలేదు. వాన పట్టి బడికి సెలవు ఇచ్చిన రోజుల్లో పదో తరగతి పిల్లలకు వీడియోలో పాఠాలు చెబుతున్నాం. ఆ క్లాసుల్లో ఒక ఇబ్బంది పదేపదే ఎదురవుతోంది. లెక్కల సారు ప్రశ్న వేస్తారు, పిల్లవాడు జవాబు చెబుతాడు, ఆ గొంతు ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. లేదంటే సారు తరువాతి లెక్కకు పోయాక వస్తుంది. పాఠం వినడం లేదని ఇంట్లోనూ ఆ బిడ్డకే తిట్లు. దయచేసి తిట్టే ముందు పక్క గదిలోకి ఒకసారి చూడండి. అన్న కంప్యూటర్‌లో గేమ్ దిగుతూ ఉండవచ్చు, ఇంకెవరి ఫోనో పెళ్లి వీడియోలన్నీ గూగుల్ ఫొటోస్‌కు ఎక్కిస్తూ ఉండవచ్చు.

"మాది పెద్ద ప్లానే కదా మేడమ్" అని కొందరు అడిగారు. నిజమే, వీడియో క్లాసుకు మూడు నాలుగు ఎంబీపీఎస్ (సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని నెట్ వేగం లెక్క) చాలు. కానీ పెద్ద డౌన్‌లోడ్ దొరికినంత వేగాన్నీ లాక్కుంటుంది. నెట్‌లో డేటా ప్యాకెట్లు అనే చిన్న చిన్న ముక్కలుగా వెళుతుంది, అవి దారిలో తప్పిపోతేగానీ డౌన్‌లోడ్ నెమ్మదించదు. రూటర్‌లోనూ నెట్ ఇచ్చేవాళ్ల పరికరాల్లోనూ మెమరీ ఎక్కువ ఉంటే ప్యాకెట్లు అంత త్వరగా తప్పిపోవు, అక్కడే వరుస కడతాయి. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్టుమెంట్లన్నీ నిండిన రోజున ఒక్కరే వచ్చినా చివర కూర్చోవలసిందే కదా. సారు గొంతు మోసుకొచ్చే చిన్న ప్యాకెట్టుదీ అదే గతి. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు.

అప్‌లోడ్ దగ్గర ఇది ఇంకా ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే చాలా ఇళ్లలో అప్‌లోడ్ వేగం తక్కువ. 8 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఇంట్లో రూటర్‌లో 1 ఎంబీ (అంటే 8 మెగాబిట్లు) డేటా పోగుపడితే, వెనక వచ్చిన మాటకు ఒక సెకను ఆలస్యం. మాట అటు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చెబుతోంది. ఒక సెకను ఆలస్యమైతే సంభాషణ సాగదు. అందుకే ఫొటోల బ్యాకప్‌ను క్లాసు వేళ ఆపమని గట్టిగా అడుగుతున్నాను.

మీ ఇంట్లో ఇదే జరుగుతోందా అని తెలుసుకోవడం తేలిక. నెట్ వేగం కొలిచే ఓక్లా స్పీడ్‌టెస్ట్‌లో వేగంతో పాటు పింగ్ కూడా, అంటే సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, చూడండి. లైను ఖాళీగా ఉన్నప్పుడు, డౌన్‌లోడ్ అప్పుడు, అప్‌లోడ్ అప్పుడు విడివిడిగా చూపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు 10 మిల్లీసెకన్లు, అప్‌లోడ్ అప్పుడు 400 అని వస్తే ప్లాను పెంచడం కన్నా ముందు ఆ వరుసను సరిచేయాలి. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇది చూడమని నా మనవి.

గేములు ఆడొద్దని నేను అనడం లేదు. 50 జీబీ గేమ్ 40 ఎంబీపీఎస్ లైనులో దిగడానికి దాదాపు మూడు గంటలు పడుతుంది. రాత్రి పడుకునే ముందు పెడితే తెల్లారేసరికి సిద్ధం. పగలే కావాలంటే గేములు దించుకునే స్టీమ్ యాప్‌లోనూ, విండోస్ అప్‌డేట్ సెట్టింగుల్లోనూ వేగానికి హద్దు పెట్టే వీలుంది. లైను వేగంలో సగానికి పెట్టండి, ఇద్దరి పనీ జరుగుతుంది.

కొన్ని రూటర్లలో ఈ వరుసను చక్కదిద్దే క్యూఓఎస్ (QoS) లేదా ఎస్‌క్యూఎం (SQM) అనే సెట్టింగు ఉంటుంది. ఇందుకోసమే క్యాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ అనే నెట్‌వర్క్ నిపుణులు 2012లో కోడెల్ అనే పద్ధతిని ప్రచురించారు. వరుస పెరిగిపోకముందే కొన్ని ప్యాకెట్లను వదిలేసి, పంపేవాళ్లు నెమ్మదించేలా చేస్తుంది అది. దాని మీద కట్టిన ఎఫ్‌క్యూ కోడెల్ ఒక్కొక్క పనికి వేరే వరుస ఇస్తుంది, దాంతో క్లాసు గేమ్ వెనక నిలబడనక్కర్లేదు. కొత్త రూటర్ కొనేవాళ్లు దుకాణంలో ఎస్‌క్యూఎం లేదా ఎఫ్‌క్యూ కోడెల్ ఉందా అని అడగండి.

బడి తరఫున పాఠాల వీడియోలను ఇక మీదట రాత్రి పది తరువాతే గ్రూపులో పెడతాం. ఈ శనివారం సాయంత్రం నాలుగు గంటలకు కంప్యూటర్ ల్యాబ్‌లో మా టీచర్లు ఈ సెట్టింగులన్నీ చేసి చూపిస్తారు. రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న మోడల్ పేరు రాసుకుని రండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి