ఈ సంక్రాంతికి మన చెరువు లెక్క

యలహంక, బెంగళూరు

నాయనకు,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ పంపిన ఉలవలు, చింతపండు అందాయి. పోయినసారి ఫోన్లో అడిగావు కదా, ఆదివారం కూడా ఆ చెరువుగట్టు మీద ఏం పని నీకు అని. ఫోన్లో అయితే సగం చెప్పేలోపే మాట ఇంకోవైపు పోతుంది. అందుకే రాస్తున్నా. నీతో ఒక పని కూడా ఉంది, అది చివర్లో చెబుతా.

మా ఇంటి వెనక చెరువు నువ్వు చూసిందే. తెల్లవారగానే కొందరం అక్కడికి వెళ్లి పిట్టలు, తూనీగలు, కప్పలు ఏమున్నాయో, ఎన్ని ఉన్నాయో రాసుకుంటాం. మాలో సగంమంది తెలుగువాళ్లమే. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడే రిటైరైన మాస్టారు, చిత్తూరు వైపు నుంచి చదువుకోడానికి వచ్చిన అమ్మాయి, చెరువుకు కాపలా ఉండే మదనపల్లె అన్న.

లెక్కకు ఒక పద్ధతి ఉంది. ప్రతిసారీ అదే దారిలో నడవాలి, అదే టైముకి, అవే చోట్ల ఆగాలి. లేకపోతే ఈ నెల లెక్కను పోయిన నెలతో పోల్చలేం. ఒకరు బైనాక్యులర్‌తో చూసి చెబుతుంటే ఇంకొకరు రాస్తారు. గుంపు పెద్దదైతే పది పిట్టలు ఎంత మేర ఉన్నాయో చూసుకుని, గుంపులో అలాంటి పదులు ఎన్ని పడతాయో అంచనా కడతాం. ఏమీ కనబడకపోతే సున్నా రాయాల్సిందే. మాస్టారు ఈ విషయంలో అస్సలు వదలరు. సున్నా రాయకపోతే, ఆరోజు పిట్టలు రాలేదో మనుషులే రాలేదో తర్వాత చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది అంటారు. ఇంటికొచ్చాక పిట్టల లెక్కంతా ఈబర్డ్ అని, పిట్టల లెక్కలు దాచే యాప్‌లో ఎక్కిస్తాం.

నాకు మాత్రం నీళ్లలో ఉండేవాటిని చూడడమే ఎక్కువ ఇష్టం. ఒడ్డున తుంగలో చిన్న వల తిప్పి, అందులో పడ్డదాన్ని తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి వదులుతాం. కాసేపు ఆగితే బురద కిందికి దిగి, పురుగులు కదలడం కనిపిస్తుంది. తూనీగ పిల్లను నువ్వు చూడాలి నాయనా. రెక్కలుండవు, బురద రంగులో కదలకుండా పడి ఉంటుంది. దోమపిల్ల దగ్గరికి వచ్చిందా, ముఖం కింద మడిచిపెట్టుకున్న పెదవిని చాచి రెప్పపాటులో పట్టేస్తుంది. సాయంత్రం మన కళ్లం మీద ఎగిరే తూనీగలన్నీ ముందు ఇలా నీళ్లలో బతికినవే. మురుగు కలిసేచోట వల వేస్తే మాత్రం సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ రావు. మన నెత్తుటిలో ఉన్నట్టే వాటికీ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ బాగా తగ్గిన నీళ్లలో కూడా బతుకుతాయి. నీళ్లు ల్యాబుకు పంపకముందే సంగతి కొంత ఆ పళ్లెంలో తెలిసిపోతుంది.

వేసవిలో తొలి వాన పడిన మర్నాడు పొద్దున చెరువంతా చేపలు చచ్చి తేలాయి. కాలువలో నిలిచిన మురుగునంతా ఆ వాన చెరువులోకి తోసింది. మురుగు కుళ్లేటప్పుడు ఆక్సిజన్ అయిపోతుంది. నాచు పగలు ఆక్సిజన్ ఇచ్చినా రాత్రంతా తనూ పీల్చుకుంటుంది. అందుకే చేపలు ఎక్కువగా తెల్లవారుజామునే చస్తాయి. చేపల గుత్త తీసుకున్నాయన గట్టు మీద కూలబడిపోయాడు. చూడ్డానికి వచ్చిన ఆఫీసర్లు ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగితే చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట చెప్పారు. మా నోటుబుక్కులో మాత్రం తేదీలతో సహా ఉంది: శివరాత్రి దాటినప్పటి నుంచి కాలువ మూల ఎర్ర పురుగులే, నీళ్లలో మునిగి తేలే బుడుబుంగ పిట్టలు అటువైపు పోవడమే మానేశాయి. ఆ పేజీలు ఫొటో తీసుకుపోయారు. తర్వాత కాలువలోకి దొంగగా కలిపిన పైపు ఒకటి మూయించారు. ఇంకా ఉన్నాయి, అది తలుచుకుంటే కోపం ఆగదు.

బుడుబుంగలు మళ్లీ ఆ మూలకు వచ్చాయి. చారల పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతున్నాయి. తల్లి తన ఈకే పీకి పిల్లకు తినిపిస్తుంది. చేపముళ్లు కడుపులో గుచ్చుకోకుండా ఆ ఈకలు కాపాడతాయట.

బెంగళూరుకు పెద్ద నది లేదు నాయనా. మన సీమలోలాగే ఇక్కడా గొలుసుకట్టు చెరువులు, పైది నిండి అలుగు పారితే కిందిదానికి నీళ్లు. 2017లో ఇక్కడే మురుగుతో నిండిన బెళ్లందూరు చెరువులో మంటలు లేవడం టీవీలో చూసి నువ్వే ఆశ్చర్యపోయావు. మాకు దగ్గర్లోని జక్కూరు చెరువు దగ్గర మురుగును ముందు ప్లాంటులో శుద్ధి చేసి, జమ్ము పెరిగే మడుగు గుండా పంపి, అప్పుడు చెరువులోకి వదులుతారు. అక్కడ గూడబాతులను చూస్తే ఇక్కడా చేయొచ్చు కదా అనిపిస్తుంది.

ఇక నీతో పని. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షులను లెక్కపెడతారు, మన దేశంలో 1987 నుంచి జరుగుతోంది. అందులో మన ఊరి చెరువు పేరు నాకు కనబడలేదు. హిందూపురం వైపు వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలకు ఆ ఊరివాళ్లు ఎంత కాపలా ఉంటారో నీకు తెలుసు. కానీ వాటికి మేత చుట్టుపక్కల చెరువుల్లోనే దొరకాలి. మన చెరువుకు ఎన్ని వస్తున్నాయో ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా. నీకంటే బాగా ఆ చెరువు ఎవరికి తెలుసు? ఏ ఏడు నిండింది, ఏ ఏడు తూము దాకా ఎండింది, ఏ పిట్టలు ఎప్పుడు రావడం మానేశాయి, గుర్తున్నంతవరకు తమ్ముడితో ఒక పుస్తకంలో రాయించు. చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరుగంటి తాతను కూడా కూర్చోబెట్టి అడగండి, ఆయన దగ్గర నీకంటే పాత సంగతులు ఉంటాయి.

భోగికి ముందురోజు వస్తా. బైనాక్యులర్ నేనే తెస్తా. తూము దగ్గర, అలుగు దగ్గర, తుమ్మచెట్ల వైపు, ఈ మూడు చోట్ల నిలబడి చూద్దాం. పొద్దున ఆరున్నరకల్లా గట్టు మీద ఉండాలి, కనుమ రోజైనా సరే. కుక్కను మాత్రం ఇంట్లోనే కట్టేయమని తమ్ముడికి చెప్పు.

అమ్మకు, జేజికి నా నమస్కారాలు.

నీ
చిన్నమ్మి